కందనకాయలో బంగారం

ఆదివారం పూట కోడికూర వండే ఇళ్ళలో కందనకాయను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బజారులో కోడిని కోసే కుర్రాడే దాన్ని రెండు చెక్కలు చేసి, లోపలి పసుపుపచ్చ పొర ఒలిచి, కాలవలోకి విసిరేసి, మిగిలింది కవర్లో పడేసి ఇస్తాడు. నాకు మాత్రం కందనకాయ కొయ్యకుండా ఇవ్వాలి. ఇందుకోసం ఆ కుర్రాడి చేత, వాడికి ముందు వాడి తండ్రి చేత, ఎన్ని మాటలు పడ్డానో చెప్పలేను. ఇంటికి తెచ్చుకుని, కత్తిపీట ముందు కూర్చుని, పక్కన పళ్ళెంలో నీళ్ళు పెట్టుకుని, నా చేత్తో నేనే కోస్తాను. కోయగానే సగం నలిగిన గింజల పులుపు, పచ్చినెత్తురు, వాటి అడుగున తడిమట్టి, ఇవన్నీ కలిసిన వాసన ఒక్కసారిగా ముక్కుకు తగలాలి. ఈ కాలపు ఫారం కోళ్ళలో ఆ మట్టి వాసన ఉండదు. పాపం, అవి పుట్టి చచ్చేదాకా నేల తొక్కి ఉండవు. అయినా పళ్ళెం అటూ ఇటూ వంచి చూస్తాను. "ఏం వెతుకుతున్నావు అమ్మమ్మా, ఉంగరం గాని మింగిందా?" అని మా మనవరాలు ఎగతాళి చేస్తుంది. బంగారం, అంటాను. అది భూగర్భశాస్త్రం చదివిన పిల్ల. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు విరగబడి నవ్వింది గాని, కథంతా విన్నాక నవ్వలేదు.

మా వాళ్ళది సాలూరు దగ్గర పల్లె. సాలూరు సంతలో ఉప్పు కొని, ఎద్దుల వీపున వేసి కొండమీదికి తోలుకెళ్ళి అమ్మేవాళ్ళతో కలిసి మా అయ్య ఒకసారి అరకు లోయ వైపు వెళ్ళాడట. వెళ్ళినవాడు అక్కడ ఒక గెడ్డలో, అంటే కొండవాగులో, ఆడవాళ్ళు ఇసుక కడిగి బంగారం తీస్తూంటే చూశాడట. అంతే, మళ్ళీ పల్లపు వ్యవసాయం మీద ఆయన మనసు నిలవలేదు. ఉన్న చెక్క పొలం అన్నదమ్ములకు వదిలేసి, మా అమ్మను, చంకలో ఉన్న నన్ను వెంటబెట్టుకుని కొండెక్కేశాడు. "ఉప్పమ్మబోయి ఊరొగ్గీసొచ్చినోడు" అని అమ్మ ఆయన్ని బతికున్నంతకాలం దెప్పింది. అవి పందొమ్మిది వందల నలభైల నాటి రోజులు. అరకుకు రైలు లేదు, మోటారు లేదు, సాలూరు వెళ్ళాలంటే నడకే.

మేమున్నది ఊరంటే ఊరు కాదు. ఎర్రమట్టి అలికిన గోడలు, మోకాళ్ళదాకా దిగిన గడ్డికప్పులు, నడుమ ఒక్క వీధి, వీధి చివర రాయి రూపంలో ఊరి దేవత, ఎటు చూసినా కొండ. ఊరికి పెద్ద దిసారి తాత. మంచిరోజులూ చెడ్డరోజులూ చెప్పేవాణ్ణి, దేవతకు పూజ చేసి కోడి కోసేవాణ్ణి ఆ కొండల్లో దిసారి అంటారు. పొట్టిగా, నల్లగా, చెవిమీద ఎప్పుడూ సగం కాల్చిన చుట్టతో ఉండే ఆ తాత మాట ఊళ్ళో ఎవరూ జవదాటేవాళ్ళు కాదు. పల్లం నుంచి వచ్చిన మమ్మల్ని ఊరి చివర గుడిసె వేసుకోనిచ్చింది ఆయనే, గెడ్డలో ఇసుక కడుక్కోనిచ్చిందీ ఆయనే. ఆయన వద్దంటే మేము ఆ పూటే మూటలు కట్టుకోవాలి. ఈ సంగతి మా అయ్యకు బాగా తెలుసు.

తొలకరి పడితే నేలలోంచి ఆవిరి లేచేది. వెదురు పొదల్లో లేత కొమ్ములు పొడుచుకొస్తే అమ్మ వాటిని సన్నగా తరిగి, ఉడకబెట్టి, చింతపండు వేసి పులుసు కాచేది. శ్రావణ భాద్రపదాల్లో రోజుల తరబడి సూర్యుడు ముఖం చూపించేవాడు కాదు. పొయ్యి మీద ఆరేసిన బట్టలకు పొగవాసన, మా జుట్లకు పొగవాసన, పొద్దున్నే తాగే చోడి అంబలికీ, అదే రాగి జావకీ, పొగవాసనే. వానలు వెనకబట్టాక కొండవాలంతా వలిసె పూలు విరగబూసేవి, ఆ పసుపులో తేనెటీగల రొద గుడిసెల్లోకి వినిపించేది. ఆపైన చలి, పసుపుకొమ్ములు ఉడికే కాగుల ఘాటు, జీలుగు కల్లు కుండల చుట్టూ ముసిరే ఈగలు, వేడన్నం పడగానే అడ్డాకు విస్తరి మగ్గి లేచే పచ్చి వాసన, ఆపైన మళ్ళీ ఎండలు, పనసపళ్ళు. పిల్లలం వాననీటి కాలవలకు మట్టికట్టలు కట్టి, నీళ్ళు నిండాక ఒక్క తన్ను తన్ని తెంచేవాళ్ళం. అడ్డగింజలతో సరిబేసి ఆడేవాళ్ళం, ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళను వీపున మొయ్యాలి. నేను బక్కపిల్లను కావడం వల్ల నన్ను మొయ్యడం అందరికీ సుఖం, నేను మొయ్యడం ఎవరికీ ఇష్టం ఉండేది కాదు.

గెడ్డలో నీరు తేరుకోగానే బంగారం పని మొదలయ్యేది. అది ఆడవాళ్ళ పని. మగవాళ్ళలో మా అయ్య ఒక్కడే చేసేవాడు, అందుకు వాళ్ళు చాటుగా నవ్వుకునేవాళ్ళు. బియ్యంలో రాళ్ళు గాలించడం తెలిసినవాళ్ళకు అది తెలిసిన పనే. కొయ్యను పల్చగా తొలిచి చేసిన మరిగెలో ఇసుక పోసి, నీళ్ళలో ముంచి, గుండ్రంగా ఊపుతూ కొంచెం కొంచెం వంచుతూంటే తేలిక ఇసుక కొట్టుకుపోతుంది, బరువైన నల్ల ఇసుక అడుగున మిగులుతుంది, ఆ నల్ల ఇసుక అంచున, ఆ రోజు మంచిదైతే, కంటికి ఆనీ ఆనని పసుపు నలుసు మిగులుతుంది. ఎక్కడి ఇసుక పడితే అక్కడిది తియ్యరు. గెడ్డ మలుపు తిరిగేచోట లోపలి ఒడ్డున, పెద్ద బండల వెనక, నీటి వడి చచ్చే తావుల్లో, అడుగున రాయి తగిలేదాకా తవ్వి తీస్తారు. "బంగారం బరువైనమ్మ, నడవనేదు, సోటు దొరికితే సాలు సతికిలబడిపోద్ది" అనేవాళ్ళు. కడిగేటప్పుడు గట్టిగా మాట్లాడకూడదు. మనిషి గొంతు వింటే ఆ అమ్మ ఇంకా కిందికి దిగిపోతుందని వాళ్ళ నమ్మకం. అంతమంది ఆడవాళ్ళు ఒకచోట చేరి నోరు మెదపకుండా ఉండడం నేను ఈ జన్మలో మరెక్కడా చూడలేదు.

దొరికింది ఏ పూటా గురివింద గింజ ఎత్తు తూగేది కాదు. ఆవగింజంత ముక్క కనబడితే ఊరంతా వచ్చి చూసేవాళ్ళు. మిగతావాళ్ళకు అది చాలు. మా అయ్యకు చాలదు. "ఈ నలుసులికి కాళ్ళొచ్చి గెడ్డలోకి దిగినాయేటి? పైనెక్కడో తల్లుంటాది" అని, తాగుతున్న అంబలి దొప్ప పక్కనబెట్టి కొండ కేసి చూస్తూ ఉండిపోయేవాడు. కొండ ఊరుకునేది, అంబలి చల్లారిపోయేది, అమ్మ తిట్టేది.

భాద్రపదంలో కొర్రకొత్త పండగ. కొత్తగా పండిన కొర్రలు, సామలు దేవతకు పెట్టేదాకా ఎంత ఆకలైనా ఎవరూ నోట పెట్టరు. ఇంటికో కోడి కోస్తారు. ఇంతవరకూ ఎక్కడైనా ఉన్నదే. మా ఊళ్ళో మాత్రం కోసిన కోళ్ళ కందనకాయలన్నీ తెచ్చి దిసారి తాత ముందు అడ్డాకుల మీద పెట్టాలి. కోడికి పళ్ళు లేవు గదా, తిన్న గింజ నలగడానికి చిన్న చిన్న రాళ్ళు ఏరుకుని మింగుతుంది. తాత ఒక్కొక్క కందనకాయ చీల్చి, లోపలి రాళ్ళు కడిగి, అరచేతిలో పరిచి చూసేవాడు. ఎర్రరాళ్ళయితే ఎగువ మెట్టలో మేసింది, నున్నటి నల్లవైతే గెడ్డ ఒడ్డున మేసింది, తెల్ల పలుగురాళ్ళయితే పాత పోడుల్లో మేసింది అని చెప్పేవాడు. ఎప్పుడో ఏ ఏటికో ఒకసారి ఆ రాళ్ళ మధ్య పసుపు నలుసు మెరిసేది. మెరిసిందంటే ఆ ఇంటికి ఆ ఏడు నేలతల్లి నవ్విందని అర్థం. మాంసం ఉడికే వాసనకు కడుపులు నకనకలాడుతున్నా, ఆ కాసేపు పిల్లలం కూడా ఊపిరి బిగబట్టి ఆయన అరచెయ్యే చూసేవాళ్ళం.

ఆ ఏడు మా ఇంటి పెట్ట కందనకాయలో పెసరగింజంత బంగారం దొరికింది. రాళ్ళతో రాసుకుని రాసుకుని మెరుగెక్కి, తడిచెయ్యి మీద నిప్పురవ్వలా కూర్చుంది. గెడ్డలో జన్మంతా కడిగినవాళ్ళకు కూడా అంతటిది కనబడలేదు. పక్కనున్న రాళ్ళు మాత్రం మూడు రకాలూ కలగలిసి ఉన్నాయి, అది ఎక్కడ మేసిందో తాత కూడా చెప్పలేకపోయాడు. ఒకావిడ తాకబోయి చెయ్యి వెనక్కి తీసేసుకుంది. మా అయ్య కళ్ళు ఆ గింజ మీద పడ్డాయి గాని, ఒక్క క్షణంలో అక్కణ్ణించి లేచి మా మునసబు మీదికి వెళ్ళాయి. 

మునసబు అంటే మనిషి కాదు, మా కోడిపుంజు. వాడి తల్లిని ముంగిస ఎత్తుకుపోతే, గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ వాణ్ణి నేను బుట్టలో పెట్టి, పొయ్యి వారన వెచ్చబెట్టి, చోళ్ళు నూరి వేలితో తినిపించి బతికించాను. ఎర్రటి ఒళ్ళు, పచ్చ నిగారింపు ఉన్న నల్లతోక, వంగని మెడ. పొద్దున్నే లేచి శిస్తు వసూలుకు బయల్దేరినట్టు ఇంటింటి వాకిలీ తొక్కేవాడు, ఎవరి చేటలో ఏముందో మెడ వంచి చూసేవాడు, అందుకే ఆ పేరు. నేను పిడికెడు గింజలు పట్టుకుని చెయ్యి ఎత్తితే చాలు, ఏ కొండవార ఉన్నా రెక్కలు విదిలించుకుంటూ పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చేవాడు. ఊళ్ళో పెట్టలన్నీ వాడి వెనకే. వాడు మేసిన చోటే అవీ మేసేవి.

అదే వాడి ప్రాణం మీదికి తెచ్చింది. "పెట్టకే అంతుంటే దాన్ని తిప్పిన పుంజుకెంతుండాల? ఏ రకం రాళ్ళున్నాయో సూత్తే తోవ తెలిసిపోద్ది. రేపు కోసి సూద్దాం" అన్నాడు అయ్య, అంబలి తాగుదాం అన్నంత మామూలుగా.

నేను ఆయన కాళ్ళు చుట్టేసుకున్నాను. "కొయ్యొద్దయ్యా! ఆడెక్కడ మేత్తాడో నాను ఎనకాల తిరిగి సూసి సెప్తాను. ఒట్టయ్యా!"

"కోడెనకాల తిరుగుతాదట! ఏటే గుంటా, ఎర్రెక్కిందేటి?" అన్నాడాయన. కాని పొయ్యి దగ్గర్నుంచి అమ్మ అందుకుంది: "దాన్ని సూసి నవ్వుతావేటి, గెడ్డెనకాల ఇన్నేళ్ళు నువ్వు తిరగనేదా? సంత దాకా ఆగితే నీ బంగారమేటి కరిగిపోద్దా?"

అయ్య మా ఇద్దరినీ చూసి, తల గోక్కుని, "సరే, సంత దాకా. సంతనాడు పొద్దుట్నే కోసెత్తాను. మళ్ళీ ఏడిత్తే ఊరుకోను" అన్నాడు. అలా మా మునసబుకు సంత దాకా ఆయుష్షు దొరికింది.

తలమీద జమ్ము గిడుగు వేసుకుని, ముసురులో తడుస్తూ వాడి వెనక తిరిగిన ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. వాడికేం తెలుసు? చోడిచేను గట్టున గంటసేపు రెక్కలు ఆరబెట్టుకునేవాడు. పశువుల శాలలో పేడ కెలికేవాడు. పక్కింటి పుంజుతో తగువు పెట్టుకుని, గెలిచి, ఆ గెలుపు ఊరంతటికీ చెప్పుకుని వచ్చేవాడు. వాడు ముక్కుతో పొడిచిన చోటల్లా నేను వంగి మట్టి తీసి చూసేదాన్ని. చీమ, పురుగు, గడ్డివిత్తు, అంతే. "ఓరి నా తండ్రీ, బేగి సూపరా, సంతొచ్చేత్తాంది" అని బతిమాలేదాన్ని. వాడు మెడ ఒక పక్కకు వంచి నన్ను చూసి మళ్ళీ పేడలోకి దిగేవాడు.

సంత ముందురోజు తెల్లవారుజామున పెద్ద వాన కొట్టి వెలిసింది. వెలిసీ వెలవకముందే ఉసిళ్ళు లేచాయి. గాలినిండా రెక్కలే. మునసబు ఒక్కసారి మెడ నిక్కించి, ఊరి వైపు చూడకుండా, నేరుగా ఎగువకు, ఏళ్ళకిందట వదిలేసిన పోడు చెక్కలోకి పరుగెత్తాడు. తుప్పలు చీరుకుంటూ నేనూ పరుగెత్తాను. అక్కడ తెల్ల పలుగురాళ్ళ మధ్య మనిషెత్తు పుట్ట ఒకటి ఉంది, చెదలు కట్టిన ఎర్రమట్టి పుట్ట. దాని కన్నాల్లోంచి ఉసిళ్ళు పొగలా లేస్తున్నాయి, వీడు ఎగిరి ఎగిరి తింటున్నాడు. రాత్రి వానకు పుట్ట మొదట్లో చిన్న కోత పడి, కడిగిన ఇసుక అడుగున పేరుకుని ఉంది. ఉసిళ్ళతో కడుపు నిండాక వాడు ఆ ఇసుకలో దిగి రాళ్ళు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

నేను గిడుగు తిరగేసి ఆ ఇసుక దాంట్లోకి ఎత్తాను. కిందికి పరుగెత్తి, ఇంట్లో బియ్యం గాలించే మరిగె తీసుకుని, గెడ్డలో కూర్చుని, అమ్మ చేతులు ఎలా తిరిగేవో అలా తిప్పాను. ఎర్రనీరు పోయింది, తెల్ల ఇసుక పోయింది, నల్ల ఇసుక మిగిలింది. మరిగె కొంచెం వంచాను. అంచు వెంబడి నలుసులు ఒకదాని పక్కన ఒకటి, నెలవంకంత గీత గీసినట్టు, పసుపుపచ్చగా నిలబడ్డాయి.  అరవాలనిపించింది, అరిస్తే ఆ అమ్మ దిగిపోతుందేమోనన్న భయంతో పెదవి కొరుక్కుని, మరిగె గుండెలకు పొదువుకుని ఇంటికి నడిచాను. అయ్య పంచె పట్టుకుని లాగి, నోట మాట లేకుండా చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. ఆ తర్వాత నా నెత్తిమీద చెయ్యి పెట్టాడు. అంతకుముందు ఎప్పుడూ అలా పెట్టలేదు.

నేను ముందు నడవగా, గునపం పట్టుకుని అయ్య పుట్ట దగ్గరికి వెళ్ళేసరికి దిసారి తాత, వెనక ఊళ్ళో సగంమంది వచ్చేశారు. పుట్టను తాకడానికి లేదని తాత ముందే చెప్పాడు. అయ్య పక్కన కోత పడ్డచోట తవ్వాడు. మొదట ఎర్రమట్టి, దాని కింద జిగురుమట్టి, ఆ కింద తుప్పురంగు చారలతో తెల్లరాయి. చూడ్డానికి రాయే గాని పుచ్చిపోయి ఉంది, గునపం తగిలితే పెళ్ళలుగా రాలింది. ఆ రాతి సందులోంచి అయ్య వేళ్ళతో ఏదో ఊడదీశాడు. మట్టి తుడిచాడు. అల్లం కొమ్ములా గణుపులు గణుపులుగా, ఒక పక్క తెల్లరాయి ముక్క ఇంకా కరుచుకునే ఉన్న బంగారపు ముద్ద.

 తడిసిన చెట్ల నుంచి చుక్కలు రాలుతున్న చప్పుడు ఒక్కటే. ఒక ముసలావిడ నేలమీద మోకరిల్లి నుదురు మట్టికి ఆన్చింది. ముద్ద చేతి నుంచి చేతికి మారుతూ నా దగ్గరికి వచ్చింది. నా అరచేతిలో సగం లేదు, అయినా చెయ్యి కిందికి లాగేసింది. చల్లగా ఉంది. ఇంత కాలం ఎవరూ చూడకుండా ఆ చీకట్లో ఇది ఇలాగే మెరుస్తూ ఉందా అన్న ఆలోచన వచ్చి, ఎందుకో తెలియదు, నాకు ఏడుపొచ్చింది.

అది అక్కడికి ఎలా చేరిందో ఎన్నో ఏళ్ళ తర్వాత మా మనవరాలు చెప్పింది. భూమిలో మైళ్ళ లోతున, రాయి కూడా కాగిపోయే చోట, ఆవిరవడానికి జాగా లేక నీళ్ళు అలా మరుగుతూనే ఉంటాయట. ఆ నీళ్ళలో బంగారం కరిగి ఉంటుందట. నేల కదిలి రాయి పగిలినప్పుడల్లా ఆ నీళ్ళు పగుళ్ళ వెంట పైకి తన్నుకొచ్చి, చల్లబడి, తెల్ల పలుగురాయిగా గడ్డకడతాయట, ఆ తెల్లదనంలో బంగారం పోగులుగా, ముద్దలుగా చిక్కుకుపోతుందట. ఆపైన మనిషి లెక్కకు అందని కాలం. పైనున్న కొండలు వానలకు కరిగి పల్లాలకు పోతాయి, పలుగురాయి పుచ్చిపోతుంది, తుప్పు ఎరగని బంగారం ఒక్కటే మిగిలి మట్టిలోకి జారుతుంది. మట్టిలో ఉండగా కూడా, ఊరే నీరు సన్న నలుసులను కరిగించి మరో ముద్ద మీద పేరుస్తుందట, అంటే నేలలో అది నిజంగానే కొంచెం కొంచెం పెరుగుతుందన్నమాట. చెదలు తడి కోసం ఎంతో లోతుకు దిగి, రేణువు రేణువూ నోట కరుచుకుని పైకి మోసి పుట్ట కడతాయి, వాన ఆ పుట్టను కడుగుతుంది, తేలికవి గెడ్డదాకా కొట్టుకుపోతాయి, బరువైనవి అక్కడే చతికిలబడతాయి. "అంత దూరం నుంచి వచ్చి చివరికి మీ కోడి కడుపులో పడింది అమ్మమ్మా!" అని అది కళ్ళు పెద్దవి చేసింది. చదువుకున్న పిల్ల నోట ఆ ఆశ్చర్యం వింటే నాకు ఆ రోజు మోకరిల్లిన ముసలావిడ గుర్తొచ్చింది.

అయ్య మళ్ళీ గునపం ఎత్తాడు. "సాలు," అన్నాడు దిసారి తాత. "ఇచ్చింది తీసుకో. కప్పీ."

"తాతా, తల్లి ఇక్కడే ఉన్నాది. ఇంకొక్క మూరెడు..."

"తల్లని నువ్వే అంటన్నావు. తల్లి కడుపు కోత్తావా?"

అయ్య గునపం అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖం చూడలేకపోయాను. ఇన్నేళ్ళు దేనికోసం అంబలి చల్లార్చుకున్నాడో అది మూరెడు దూరంలో ఉంది. తర్వాత ఒంగి, తవ్విన మట్టి చేతులతోనే గుంటలోకి తోశాడు. ఆ ముద్ద మా ఇంట్లో కొన్నాళ్ళు చోళ్ళ కుండలో ఉండి, ఒక కరువు ఏడాది సాలూరు వెళ్ళిపోయింది. ఆ ఏడు మేము ఆకలి ఎరగలేదు.

గుంట పూడ్చాక ఎవరో అన్నారు, నేలతల్లి ఇంత ఇచ్చింది, ఆమెకు కోడి కొయ్యొద్దా అని. అందరి కళ్ళూ మునసబు మీదికి తిరిగాయి. వాడు నా పక్కనే నిలబడి ఈకలు సర్దుకుంటున్నాడు. నేను వాణ్ణి చంకలోకి లాక్కున్నాను.

"తోవ సూపినోణ్ణి కోత్తారేటి?" అన్నాడు తాత. "ఆమె పనికి తిరిగినోడు ఆమె కోడే. ఇక్కడే ఒగ్గీయాల." నాకు ప్రాణం లేచొచ్చింది. తాత నా వైపు తిరిగి, ఈసారి మెల్లగా అన్నాడు: "పెంచిన సేత్తోనే ఒగ్గాల అమ్మీ. ఇంక మేత పెట్టకూడదు, పిలవకూడదు. నీ గుమ్మం తొక్కినాడంటే ఆమెకి ఈడొద్దన్నట్టు. అప్పుడు నాను కొయ్యక తప్పదు." ఆ మాట ఆయనకూ ఇష్టం లేనట్టే ఉంది, చెవిమీది చుట్ట తీసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు.

అందరూ దిగిపోయారు. వాణ్ణి పుట్ట దగ్గర దింపి, వెనక్కి చూడకుండా నడిచాను. కొంత దూరం వచ్చేసరికి వెనక ఆకుల చప్పుడు. తిరిగి చూస్తే వాడే, తాపీగా, ఇంటికి పోయే వేళయింది గదా అన్నట్టు. "పోరా" అన్నాను. ఆగాడు. నడిచాను. నడిచాడు. పొద్దు వాలుతోంది, కోడి గూటికి చేరే వేళ, కింద మా కప్పు మీద పొగ కనిపిస్తోంది, గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఇంకాసేపట్లో వీడు ఆ గుమ్మం తొక్కేస్తాడు.

మట్టిబెడ్డ తీసుకుని చెయ్యి ఎత్తాను.

వాడు రెక్కలు విదిలించుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. గింజలనుకున్నాడు. బెడ్డ పడిన చోట వంగి, ఆత్రంగా కాళ్ళతో మట్టి కెలికి వెతికాడు. ఏమీ లేకపోతే తల ఎత్తి, ఇంకోసారి వెయ్యి అన్నట్టు నన్ను చూశాడు. మళ్ళీ విసిరాను, మళ్ళీ పరుగెత్తాడు. అప్పుడిక ఏడుస్తూ, కళ్ళు తుడుచుకుని, గురి చూసి వాడి రొమ్ము మీదే కొట్టాను. అరిచాడు. ఒక్క గెంతు వెనక్కి గెంతి, మెడ వంచి, ఆ విసిరింది నేనేనా అని చూశాడు. ఇంకోటి వేశాను. తోక తిప్పుకుని తుప్పల్లోకి వెళ్ళిపోయాడు.

తెల్లవారి ఎగువ నుంచి కూత వినిపించింది. "బతికున్నాడే నీ మునసబు," అంది అమ్మ. సంతకు వెళ్ళే మనుషులు కూడా ఆగి విన్నారు. ఆ ఏడు వలిసెలు పూసి రాలేదాకా, ఆ పైన చలిలో కూడా, వాడు అడవికోళ్ళతో కలిసి కూస్తూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా మా గుమ్మం తొక్కలేదు.

మొన్న మనవరాలు కారులో అరకు తీసుకెళ్ళింది. ఆ ఎగువంతా కాఫీ తోటలు, మిరియాల తీగలు, బస్సుల వాళ్ళ కోసం పాకలు. గెడ్డ మీద వంతెన, దాని కింద నీళ్ళలో ప్లాస్టిక్ సీసాలు. మరిగె అంటే అక్కడి పిల్లలకు తెలియదు, కొర్రకొత్తకు కందనకాయలు ఎవరూ విప్పడం లేదట, కోళ్ళు కూడా కింద నుంచి వ్యానులో వస్తున్నాయట. పుట్ట ఉన్న చోటు ఇదేనేమో అనుకున్న చోట రోడ్డు ఉంది. బంగారం అడుగున ఎక్కడో ఇంకా ఉండే ఉంటుంది, దానికి తొందరేముంది.

తిరిగి వస్తూ ఒక ఇంటి ముందు కారు ఆపితే వాకిట్లో నాటుకోళ్ళు తిరుగుతున్నాయి. ఎండ పొడికి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుందామని ఎత్తబోయి, సగంలో ఆపి దించేశాను. ఇన్నేళ్ళయినా కోళ్ళ ముందు నేను చెయ్యి ఎత్తలేను. ఎత్తితే పరుగెత్తుకొస్తాయి.